సామాను మిగిలింది, ఇల్లు పోయింది

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళ దగ్గర పడితే జనం గడియారం ముందు చేరతారు. పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకుంటారు. గడ్డం బొమ్మ తలుపు తోసుకుని బయటికొస్తుంది, గంట కొడుతుంది, మళ్ళీ లోపలికి పోతుంది. అంతా కలిపి కాసేపే. ఆ కాసేపటి కోసం కరీంనగర్ నుంచీ కర్నూలు నుంచీ బస్సుల్లో వచ్చినవాళ్ళుంటారు. ఆ తర్వాత మేలిముసుగు రెబెకా ముందు నిలబడతారు, నూర్జహాన్ బాకు చూస్తారు, బయటికొచ్చి నయాపూల్ దాటి వెళ్ళిపోతారు. ఈ వస్తువులు చాలావరకు ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉండేవని, ఆ ఇల్లు ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేదని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

ఆ ఇంటి పేరు దివాన్ దేవిడీ. ఇవాళ మదీనా చౌరస్తాలో నిలబడి దివాన్ దేవిడీ ఎక్కడని అడిగితే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. అటు వెళ్తే బట్టల దుకాణాలు. గుట్టలుగా డ్రెస్ మెటీరియల్, తాన్లకు తాన్లు గుడ్డ, మూటలు మోసే హమాలీలు, జిల్లాల నుంచి సరుకు కొనడానికొచ్చిన చిన్న వ్యాపారులు. వాళ్ళ మధ్య అక్కడక్కడ పాత కమాన్లు కనిపిస్తాయి. నిజాం రాజ్యాన్ని నడిపిన ఇంటిలో నిలబడి ఉన్నవి ఆ కమాన్లే.

ఈ ఇల్లు కూలిన కథ చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. ఎందుకంటే ఇది వరదలో పోలేదు, యుద్ధంలో పోలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊళ్ళో దాదాపు 15,000 మందిని మింగింది. ఒడ్డు ప్రాంతాలు రూపు లేకుండా పోయాయి. ఒడ్డుకు అంత దగ్గరలో ఉన్న ఈ దేవిడీ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు నిలబడే ఉంది. 1948లో భారత సైన్యం వచ్చినప్పుడూ దానికేమీ కాలేదు. దాన్ని చంపింది శాంతికాలమే. దేశం అంతా ఆ ఇంటి సామానును ప్రేమగా చూసుకుంటున్న కాలంలోనే ఇల్లు చచ్చిపోయింది.

మీర్ ఆలం వంశానిదీ ఇల్లు. ఇరవై ఒక్క కమాన్ల కట్టతో చెరువు కట్టించిన ఆ మీర్ ఆలమే. ఆయన అల్లుడు మునీర్ ఉల్ ముల్క్ నిజాంకు దివాన్, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు, ఆ మునీర్ కొడుకు సిరాజ్ ఉల్ ముల్క్ దివాన్ అయ్యాడు. 1853లో ఇంగ్లీషువాళ్ళు అప్పు కింద బేరారును రాయించుకున్నారు. ఆ ఒప్పందం మీద సిరా ఆరకముందే, రోజుల తేడాలో, సిరాజ్ ఉల్ ముల్క్ కన్నుమూశాడు. ఖజానా ఖాళీ. చాలా తాలూకాలు అరబ్బు జమేదార్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి. జీతాలు లేని సిపాయిలు వీధుల్లో కత్తులు తిప్పుతున్నారు. అలాంటి రోజున 24 ఏళ్ళ కుర్రాడి చేతికి రాజ్యం వచ్చింది. ఆయన పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. లోకం ఆయన్ని మొదటి సాలార్‌జంగ్ అని పిలిచింది.

ఆ రోజుల్లో దివాన్ ఇల్లంటే కాపురం ఉండే చోటు మాత్రమే కాదు. ప్రభుత్వం అక్కడే జరిగేది. పొద్దున్నే అర్జీలు పట్టుకున్నవాళ్ళు, సాహుకార్లు, జమేదార్లు, మున్షీలు ముందు చౌకులో కాచుక్కూర్చునేవారు. దివాన్‌గా ఉన్న ముప్పై ఏళ్ళలో సాలార్‌జంగ్ తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు, హాలీ సిక్కా నాణేన్ని నిలబెట్టాడు, పన్ను వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి జీతగాళ్ళ చేతుల్లోకి మార్చాడు. 1865లో జిలాబందీ చేశాడు. జిల్లా, తాలూకా, తహసీల్దారు అన్న ఏర్పాటు మన పల్లెల దాకా వచ్చింది అప్పుడే. తెలంగాణ పల్లెటూళ్ళో ఇవాళ ఎవరైనా పహాణీ నకలు కోసం తిరుగుతుంటే, ఆ తిరుగుడుకు మొదటి దారి వేసింది ఈ దివాన్ గారి దఫ్తరాలే.

అందరూ మెచ్చిన ఇల్లు కాదది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మందిని వెంటేసుకుని కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్ళినప్పుడు దివాను ముందే కబురు అందించి ఇంగ్లీషువాళ్ళను జాగ్రత్త పడేలా చేశాడు. ఆ రాత్రి తిరుగుబాటు ఓడిపోయింది. సాలార్‌జంగ్ రాజ్యాన్ని కాపాడాడని కొందరన్నారు, ద్రోహం చేశాడని కొందరన్నారు. రెండు మాటలూ ఊళ్ళో ఇప్పటికీ బతికే ఉన్నాయి.

ఇంటి లోపలి సంగతులు మనకు తెలిసేది ఎక్కువగా రాజా దీన్ దయాళ్ వంటి వాళ్ళు తీసిన ఫోటోల వల్ల. ఆయినాఖానా అని ఒక హాలు, నిండా అద్దాలు. చీనీఖానా అని ఇంకొకటి. దాని గోడలకు, స్తంభాలకు పింగాణీ కప్పులు, సాసర్లు, పళ్ళేలు పొదిగేశారు. ఆ గదిలో ఖాళీ గోడ అనేదే కనపడదు. చౌకులు, చౌకుల్లో ఫౌంటెన్లు, టేకు స్తంభాల మీద నిలబడ్డ వరండాలు, గచ్చుతో దిద్దిన లతలు. హైదరాబాదుకు వచ్చిన దొరలెందరికో ఇక్కడే విందు. వేరే గుమ్మం నుంచి వెళ్తే జనానా. అక్కడి జీవితం ఏ ఫోటోలోనూ లేదు. ఆ ఇంటి సగం చరిత్ర అందుకే ఇల్లు ఉండగానే మనకు దక్కకుండా పోయింది.

1876లో సాలార్‌జంగ్ యూరప్ వెళ్ళాడు. పారిస్‌లో హోటల్ మెట్ల మీద జారిపడి తుంటి దెబ్బ తగిలించుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు డాక్టరేటు ఇచ్చారు. బేరారును తిరిగి ఇప్పించుకోవాలన్న కోరిక మాత్రం తీరలేదు. రోమ్‌లో బెంజోని చెక్కిన రెబెకాను చూశాడు, కొన్నాడు. ముఖం మీద రాతి ముసుగు, ముసుగు వెనక రాతి ముఖం. ఆ పెళ్ళికూతురు సముద్రం దాటి ఈ దేవిడీకి చేరింది. ఇప్పుడు మ్యూజియంలో చాలామంది ఆగి చూసేది ఆమెనే. 1883 ఫిబ్రవరిలో ఒక జర్మన్ యువరాజు ఊరికొస్తే మీర్ ఆలం చెరువులో పడవ షికారు ఏర్పాటు చేశాడు సాలార్‌జంగ్. ఆ వెంటనే కలరా సోకింది. 8వ తేదీన పోయాడు. తమ తాత ముత్తాతలు తవ్వించిన చెరువు గట్టునే ఆ ఇంటి పెద్దకు చివరి విందు జరిగింది.

కొడుకు లాయఖ్ అలీ మూడేళ్ళు దివాన్‌గిరీ చేసి 1887లో దిగిపోయాడు. ముప్పై నిండకుండానే 1889లో చనిపోయాడు. అప్పటికి ఆయన ఒక్కగానొక్క కొడుక్కి నెల కూడా నిండలేదు. ఆ పసివాడే మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్.

ఈయన గురించి చెప్పేటప్పుడు నాకు మనసు మెత్తబడుతుంది. 1912లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఏడో నిజాం ఈయన్ని దివాన్‌ను చేశాడు. రెండేళ్ళకే వదులుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు ఆ పెద్ద ఇంట్లో ఒక్కడే యజమాని. ప్రపంచంలో ఎక్కడ ఏ దళారీ దగ్గర మంచి వస్తువుందన్నా తెప్పించుకున్నాడు. పర్షియా తివాచీలు, చైనా జేడు, జపాన్ కత్తులు, వెనిస్ గాజు, చేతిరాత ఖురాన్లు, బెంగాల్ బొమ్మలు, చిన్నపిల్లల సీసపు సిపాయిలు. ఇవన్నీ కలిపి 40,000 దాటాయి, పుస్తకాలు వేరే. గదులు నిండాయి, వరండాలు నిండాయి. ఆయన పోయేనాటికి అది మనిషి ఉండే ఇల్లులా లేదు, వస్తువులు ఉండే ఇంట్లో మనిషి సర్దుకుని ఉన్నట్టుంది.

1949 మార్చి 2న ఆయన పోయాడు. పోలీసు చర్య జరిగి ఆర్నెల్లు కూడా కాలేదు. ఇంకో అయిదు నెలలకు, ఆగస్టులో, జాగీర్ల రద్దు వచ్చింది. దేవిడీకి అన్నం పెట్టిన ఊళ్ళన్నీ ఒక్క ఉత్తర్వుతో దాని చేయి జారాయి. వారసుడు లేడు. హక్కుదారులమని వచ్చినవాళ్ళు ఎంతోమంది. కోర్టులు, కమిటీలు, జాబితాలు.

అప్పటి రాష్ట్ర పాలనాధికారి వెల్లోడి ఒక మంచి పని చేశాడు. ఈ సంగ్రహం వేలంలో చెదిరిపోకుండా మ్యూజియం చేయాలనుకున్నాడు. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి వస్తువుల్ని సర్దించారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచాడు.

ఆ తర్వాతి పదహారు, పదిహేడేళ్ళు ఆ ఇంటికి చివరి మంచి రోజులు. అప్పుడు దాన్ని చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు, తగ్గిపోతున్నారు. వాళ్ళను కదిలిస్తే ముందు వస్తువుల గురించి చెప్పరు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తూ దారి తప్పడం గురించి చెప్తారు. ఎండలో చౌకు దాటి వరండాలో అడుగు పెట్టగానే కాళ్ళకు తగిలిన చల్లదనం గురించి చెప్తారు. మంచాలు మంచాల గదిలో, భోజనం బల్ల భోజనాల హాల్లో ఉంటే, ఇంటాయన ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండేదట. జాగీరు కాలంలో రైతుకూ కూలికీ ప్రవేశం లేని గుమ్మంలోంచి టికెట్టు కొనుక్కుని వాళ్ళ పిల్లలు నడిచి లోపలికి వెళ్ళారు. ఆ ఇంటి చరిత్రలో అంతకన్నా న్యాయమైన కాలం లేదని నా నమ్మకం.

అక్కడితో ఆగాల్సింది. 1958లో హక్కుదారులు రాజీకొచ్చి సంగ్రహాన్ని కేంద్రానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి సాలార్‌జంగ్ మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. సంస్థ అంటే వస్తువులూ గ్రంథాలయమూ. ఆ వస్తువుల కోసం మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో కొత్త భవనం కట్టారు. 1968లో అన్నీ అక్కడికి తరలాయి. కొత్త భవనం అవసరమే, కాదనను. ఇరుకు గదుల్లో, తడిసే గోడల మధ్య అన్ని వేల వస్తువుల్ని కాపాడడం కష్టం. కానీ ఆ తరలింపును తలచుకున్నప్పుడు నాకు రెబెకా కన్నా, గడియారం కన్నా, వాటి వెనక వదిలేసిన గోడలు గుర్తొస్తాయి. మేకు తీసేసిన చోట తెల్లటి మచ్చ, బల్ల జరిపిన చోట నేల మీద రంగు తేడా. ఆ గోడలకు చట్టం లేదు. చీనీఖానా గోడలో పొదిగిన కప్పును ఊడబెరికి తీసుకెళ్ళలేరు కదా. అది వస్తువా, ఇల్లా? పార్లమెంటు చట్టం చేసినవాళ్ళు ఆ ప్రశ్న వేసుకుని ఉంటే ఇవాళ నేనిది రాయక్కర్లేకపోయేది.

డంగు సున్నంతో కట్టిన ఇల్లు ఎలా చస్తుందో పాతబస్తీలో ఉన్నవాళ్ళకు తెలుసు. అది మనుషులున్నంత కాలం బతుకుతుంది. ఏటేటా వానకు ముందు మిద్దె పగుళ్ళు పూడ్చాలి, తూములు కడగాలి, సున్నం కొట్టాలి. ఒక్క ఏడాది మానేస్తే మిద్దె మీద నీళ్ళు నిలుస్తాయి. రెండో ఏడాది పిట్టగోడ సందులో రావి మొక్క మొలుస్తుంది. అది చిన్నగా, ముద్దుగా ఉంటుంది. దాన్ని పీకే మనిషి లేకపోతే వేరు గోడలోకి దిగుతుంది. దూలం తడిసి చెద పడుతుంది. అప్పుడు ఒక మూల కూలుతుంది. ఒక మూల కూలిన ఇల్లు ప్రమాదకరం అని నోటీసు వస్తుంది. ప్రమాదకరమైన ఇంటిని కూల్చడం తేలిక. టేకు స్తంభాలు, తలుపులు, ఇత్తడి గొళ్ళేలు, రంగు అద్దాలు పాత సామాను వ్యాపారుల దగ్గరికి పోతాయి. హైదరాబాదులో కొత్తగా కట్టిన చాలా హోటళ్ళలో, ఫామ్‌హౌసుల్లో మీకు కనపడే పాత చెక్క తలుపులు ఇలాంటి ఇళ్ళవే.

దివాన్ దేవిడీ కూడా ఇలాగే, ముక్కలు ముక్కలుగా పోయింది. పత్తర్‌గట్టీ పక్కన, మదీనా పక్కన, అంత విలువైన నేల. వాటాలు పడ్డాయి. ఎవరి వాటా వాళ్ళు అమ్ముకున్నారు. చౌకుల్లో దుకాణాలు లేచాయి, వాటి మీద అంతస్తులు లేచాయి. ఆయినాఖానా ఉన్న చోట ఇప్పుడేముందో ఒక దుకాణదారును అడిగినా చెప్పలేడు, అతని తప్పూ కాదు. అతను అక్కడ నిజాయితీగా గుడ్డ అమ్ముకుంటున్నాడు.

ఇక్కడ ఒక మాట తెలుగు పాఠకులతో తప్పకుండా అనుకోవాలి. ఈ దేవిడీలు కూలుతుంటే తెలుగువాళ్ళం ఎక్కువగా ఏడవలేదు. దానికి కారణముంది. జాగీరు అంటే మనకు గుర్తొచ్చేది వెట్టి, నాగు, కొరడా. 1940ల్లో తెలంగాణ పల్లెలు రక్తం ధార పోసింది ఈ వ్యవస్థ మీదే. దేవిడీ కూలితే కూలనీ అని మా పెద్దవాళ్ళలో కొందరన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ నాకు వేరేగా అనిపిస్తుంది. ఆ గోడలు లేచింది రైతు కట్టిన పన్నుతో. గచ్చు దిద్దింది ఊరి పనివాళ్ళు. సున్నం రుబ్బింది మన ఆడవాళ్ళు. ఆ చీనీఖానా కప్పుల ఖరీదులో ఎందరి పంటో ఉంది. అంటే అది నవాబులది ఎంతో మనదీ అంతే. నవాబులు పోయాక దాన్ని మనం తీసుకోవాల్సింది. తీసుకుని ఉంటే, ఈ వైభవం ఎవరి చెమటతో వచ్చిందో అదే చౌకులో నిలబడి మన పిల్లలకు చెప్పేవాళ్ళం. మ్యూజియంలో గాజు పెట్టె ముందు ఆ మాట చెప్పడం కుదరదు. అక్కడ వస్తువు ఒంటరిది, అందమైనది మాత్రమే.

దివాన్ దేవిడీ తర్వాతైనా కళ్ళు తెరుస్తామనుకున్నాం. 1995లో హైదరాబాదు జోనింగ్ నిబంధనల్లో పదమూడో నిబంధనగా వారసత్వ కట్టడాలకు రక్షణ వచ్చింది. జాబితా తయారైంది. ఆ జాబితాలో ఉండగానే 2000లో చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్‌ను కూల్చేశారు. నిజాం రాజ్యపు రెవెన్యూ లెక్కలు తరతరాలుగా రాసిన కాయస్థుల ఇల్లది. నగిషీ చెక్కిన చెక్క దర్బారు హాలు దానికే ఉండేది. ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ అంతకు ముందే పోయింది, ఇప్పుడది బస్సు ఎక్కే చోటు పేరు. 2015లో ఆ పదమూడో నిబంధననే తీసేశారు. 2017లో వేరే చట్టం వచ్చింది. 2020 జులైలో, ఊరంతా కరోనాకు తలుపులు వేసుకున్న రోజుల్లో, సచివాలయంలో 1888 నాటి జీ బ్లాకు నేలమట్టమైంది. ఆరో నిజాం కాలంలో కట్టిన ఆ సైఫాబాద్ భవనంలో తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులు కూర్చున్నారు. నీలం సంజీవరెడ్డి కాలం నుంచి తెలుగువాళ్ళ రాజకీయం నడిచిన గదులవి. వాటిని నవాబుల ఆస్తి అని కూడా అనలేం.

నిలబడ్డవీ ఉన్నాయి. చౌమహల్లా బాగుపడింది, పూనుకుని ఏళ్ళ తరబడి మరమ్మతు చేయించిన మనిషి ఉండబట్టి. ఇర్రంమంజిల్‌ను కూల్చి శాసనసభ కడదామనుకుంటే 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కుదరదంది, కేసు వేసిన పౌరులుండబట్టి. కోఠీ రెసిడెన్సీకి ఏళ్ళ తరబడి మరమ్మతు జరిగి ఇప్పుడు జనం లోపలికి వెళ్ళి చూస్తున్నారు. ఈ మూడింటిలోనూ ఇంటి తరఫున మాట్లాడే ఒక మనిషో, కొందరో ఉన్నారు. దివాన్ దేవిడీకి అలాంటివాళ్ళు లేకపోయారు. దాని తరఫున మాట్లాడాల్సినవాళ్ళంతా దాని సామాను సర్దడంలో మునిగిపోయారు.

ఇప్పుడు మన కళ్ళ ముందు ఇంకో రెండు కట్టడాలున్నాయి. ఒకటి హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ, పైగా అనే అమీరు వంశం కట్టించింది. పెద్ద పెద్ద స్తంభాలతో చాలా ఏళ్ళు బోసిగా, పాడుపడి నిలబడింది. రెండోది ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. మూసీ వరద తర్వాత ఊరిని తిరిగి కట్టుకున్న రోజుల్లో విన్సెంట్ ఎష్ రూపం ఇచ్చిన కట్టడం. ఇందులో పుట్టినవాళ్ళు, ఇందులో చివరి శ్వాస విడిచినవాళ్ళు లేని పేద కుటుంబం తెలంగాణలో తక్కువ. 2020 జులైలో వాన నీళ్ళు వార్డుల్లోకి వస్తే రోగుల్ని పక్క భవనాల్లోకి మార్చి దీనికి తాళం వేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. మంచాలు, యంత్రాలు, డాక్టర్లు అక్కడికి వెళ్తారు. వెళ్ళాలి కూడా, పేదలకు గాలీ వెలుతురూ ఉన్న ఆసుపత్రి ఇప్పటికే ఆలస్యమైంది. అయితే ఆ తరలింపు జీవోలోనే పాత భవనం పేరు కూడా ఉండాలి. దాని మరమ్మతుకు డబ్బెంత, ఏ శాఖ బాధ్యత, తాళం ఎవరి దగ్గర, లోపల ఏం నడుస్తుంది అన్నవి రాసి ఉండాలి. గుమ్మటాల మీది రావి మొక్కల్ని పీకే మనిషికి జీతం ఏ పద్దు కింద ఇస్తారో కూడా రాసి ఉండాలి.